మేవెన్ మల్టీ మాడ్యూల్ ప్రాజెక్టులో బిల్డ్ ఆగితే: ప్లగిన్, డిపెండెన్సీ చిక్కులు విప్పే సమగ్ర మార్గదర్శి

జావా ప్రాజెక్టులను బిల్డ్ చేసే, అంటే కోడ్‌ను కంపైల్ చేసి, టెస్ట్ చేసి, ప్యాక్ చేసే పనిముట్టు మేవెన్. బిల్డ్ ఫెయిలవగానే చాలామంది హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎం2 రిపాజిటరీని (దింపుకున్న లైబ్రరీలు దాచే లోకల్ రిపాజిటరీని) మొత్తం తుడిచేసి మళ్లీ నడుపుతారు. ఒక్కోసారి పని జరిగిపోతుంది కూడా. కానీ ఎందుకు జరిగిందో తెలియదు కాబట్టి వారం తిరిగేసరికి అదే ఎర్రర్ ఇంకొకరి మెషీన్‌లో తేలుతుంది. తర్వాత ప్రాజెక్టు సెట్టింగులు రాసే పామ్ ఫైల్‌లో ఒక ఎక్స్‌క్లూజన్ (వద్దనుకున్న లైబ్రరీని తప్పించడం), ఆపైన ఒక వెర్షన్ మార్పు, దాని మీద ఇంకొకటి. ఆరు నెలలకు ఆ పామ్‌లో ఏ వరుస ఎందుకుందో ఎవరూ చెప్పలేరు.

ఈ చిక్కులన్నిటికీ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ జార్ (కంపైలైన జావా క్లాసుల మూట) ఎవరికి కావాలి? ఒకే బిల్డ్‌లో జార్లు అడిగేవాళ్లు ముగ్గురు. ఒకరు ప్లగిన్ (బిల్డ్‌లో ఒక్కో పని చేసే మేవెన్ భాగం), రెండోవారు కంపైలర్, మూడోవారు టెస్టులనో అప్లికేషన్‌నో నడిపే జేవీఎం. ఎవరి జార్ల జాబితా వారిదే. ప్లగిన్‌కు అందని జార్‌ను ప్రాజెక్టు డిపెండెన్సీల్లో (ప్రాజెక్టు ఆధారపడే లైబ్రరీల జాబితాలో) రాస్తే ప్లగిన్‌కు కనిపించదు. కంపైలర్‌కు కనిపించిన క్లాసు రన్‌టైంలో వేరే వెర్షన్ జార్ నుంచి లోడ్ కావచ్చు. జావా 9తో 2017లో వచ్చిన మాడ్యూల్ వ్యవస్థ దీనికి ఇంకో మెలిక వేసింది. జార్ ఉండటం వేరు, అది మాడ్యూల్ పాత్‌లో (జావా మాడ్యూళ్లను వెతికే జాబితాలో; మామూలు జార్లది క్లాస్ పాత్) ఉండటం వేరు, అందులోని ప్యాకేజీ మన మాడ్యూల్‌కు కనబడటం వేరు.

ఇక్కడి ఉదాహరణలన్నీ మేవెన్ 3 మీద. గ్రేడిల్ అనే మరో బిల్డ్ పనిముట్టు వాడేవారికి చివర్లో కొన్ని తేడాలు చెప్పాం. ఆదేశాలను పలికే తీరులో రాశాం, టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసుకోండి. ఉదాహరణ ప్రాజెక్టులో ఒక పేరెంట్ పామ్, దాని కింద కామన్, సర్వీస్, వెబ్ అనే మూడు మాడ్యూళ్లు (మేవెన్ ఉప ప్రాజెక్టులు, పైన చెప్పిన జావా మాడ్యూళ్లు కావు) ఉన్నాయనుకుందాం.

మొదటి అడుగు: ఎర్రర్ లైను పూర్తిగా చదవడం

ముందు మేవెన్ కమాండ్ అయిన ఎంవిఎన్ -వెర్షన్ నడపండి. మేవెన్ వెర్షన్‌తో పాటు అది ఏ జేడీకే (జావా కంపైలర్, జేవీఎం ఉన్న కిట్) మీద నడుస్తోందో, ఆ జేడీకే ఏ ఫోల్డర్‌లో ఉందో కనిపిస్తుంది. ఐడీఈలో జావా 21, టెర్మినల్‌లో జావాహోమ్ ఇంకా 11 మీదే ఉండిపోవడం రోజూ జరిగేదే. "ఐడీఈలో బాగానే నడుస్తోంది, కమాండ్ లైన్‌లో రావడం లేదు" అనే ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే.

తర్వాత లాగ్‌ను కింది నుంచి పైకి చదవండి. రియాక్టర్ (మాడ్యూళ్లను వరుసగా బిల్డ్ చేసే భాగం) సమ్మరీలో ఏ మాడ్యూల్ పక్కన ఫెయిల్యూర్ అని ఉందో పట్టుకోండి. స్కిప్డ్ అన్నవాటిని వదిలేయండి, వాటి వంతే రాలేదు. ఆ కిందనే ఎర్రర్ లైను ఉంటుంది. అది చాలావరకు మూడు రకాల్లో ఒకటి.

"ఫెయిల్డ్ టు ఎగ్జిక్యూట్ గోల్" తర్వాత ప్లగిన్ పేరు, వెర్షన్, గోల్ (ప్లగిన్ చేసే ఒక పని), ఎగ్జిక్యూషన్ ఐడీ, ప్రాజెక్టు పేరు వరుసగా ఉంటే ప్లగిన్ లోడై, పని మొదలుపెట్టి, మధ్యలో విఫలమైందని అర్థం. తప్పు కోడ్‌లో ఉండవచ్చు, ప్లగిన్ కాన్ఫిగరేషన్‌లో ఉండవచ్చు, ప్లగిన్ పాతదై ఉండవచ్చు.

ప్లగిన్ పేరేమీ లేకుండా "ఫెయిల్డ్ టు ఎగ్జిక్యూట్ గోల్ ఆన్ ప్రాజెక్ట్ వెబ్: కుడ్ నాట్ రిజాల్వ్ డిపెండెన్సీస్" అని ఉంటే ప్లగిన్ దాకా పోనేలేదు. ప్రాజెక్టుకు కావాల్సిన జార్ దొరకలేదు.

"ప్లగిన్ ఫలానా ఆర్ వన్ ఆఫ్ ఇట్స్ డిపెండెన్సీస్ కుడ్ నాట్ బి రిజాల్వ్డ్" అంటే ప్లగినే దొరకలేదు, లేదా దాని సొంత జార్లలో ఒకటి దొరకలేదు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ప్లగిన్లను మేవెన్ రిపాజిటరీస్ ట్యాగ్‌లో వెతకదు, ప్లగిన్ రిపాజిటరీస్ అనే వేరే ట్యాగ్‌లో వెతుకుతుంది. కంపెనీ సొంత ప్లగిన్ ఉన్న రిపాజిటరీని మొదటి ట్యాగ్‌లోనే రాసి, రెండోదాన్ని మరిచిపోతే వచ్చే ఎర్రర్ ఇదే.

ఈ మూడింటిలో ఏదో తేలితే సగం పని అయినట్టే. ఇంకా లోపలికి చూడాలంటే -ఈ ఫ్లాగ్ పూర్తి స్టాక్ ట్రేస్ ఇస్తుంది. పెద్ద ఎక్స్ ఫ్లాగ్ ఇస్తే డీబగ్ లాగ్ మొత్తం వస్తుంది. అందులో ప్రతి ప్లగిన్‌కూ "క్లాస్ రెల్మ్" అనే భాగం ఉండి, ఆ ప్లగిన్ సొంత జార్ల జాబితా చూపిస్తుంది. కంపైలర్ ప్లగిన్ దగ్గర జావాసీకి (జావా కంపైలర్‌కు) ఇచ్చిన ఆప్షన్లన్నీ, ఏ జార్ మాడ్యూల్ పాత్‌లో ఉంది, ఏది క్లాస్ పాత్‌లో ఉంది అనేది కూడా కనిపిస్తుంది. లాగ్ చాలా పెద్దది కాబట్టి ఫైల్‌లోకి మళ్లించి వెతకండి.

జార్ అసలు దిగలేదా?

ఒకసారి డౌన్‌లోడ్ విఫలమైతే మేవెన్ ఆ వైఫల్యాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ జార్ ఫోల్డర్‌లో లాస్ట్‌అప్‌డేటెడ్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఫైల్ రాసి, గడువు తీరేవరకు మళ్లీ ప్రయత్నించదు. లాగ్‌లో "దిస్ ఫెయిల్యూర్ వాజ్ క్యాష్డ్ ఇన్ ది లోకల్ రిపాజిటరీ" అని స్పష్టంగానే చెబుతుంది. రిపాజిటరీలో జార్ ఇప్పుడు ఉన్నా మీకు రాకపోవడానికి కారణం ఇదే. పెద్ద యు ఫ్లాగ్‌తో నడిపితే మళ్లీ వెతుకుతుంది. మొత్తం రిపాజిటరీ చెరపాల్సిన పని లేదు.

"జిప్ ఎండ్ హెడర్ నాట్ ఫౌండ్" అని వస్తే జార్ దిగింది, కానీ పాడైపోయి దిగింది. మధ్యలో నెట్ తెగినా, ఆఫీసు ప్రాక్సీ తన లాగిన్ పేజీని జార్ పేరుతో పంపినా ఇలాగే అవుతుంది. ఆ ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. సరైన జార్ పీ, కే అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ కనిపిస్తే ప్రాక్సీ పనే. ఆ ఒక్క వెర్షన్ ఫోల్డర్ తీసేసి, సెట్టింగ్స్ ఫైల్‌లో ప్రాక్సీ వివరాలు సరిచేసి మళ్లీ దింపండి.

"పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అంటే సర్టిఫికెట్ సమస్య. ఆఫీసు నెట్‌వర్క్ హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్‌ను మధ్యలో విప్పి, తన సొంత సర్టిఫికెట్‌తో మళ్లీ కడుతుంటే జేడీకే దాన్ని నమ్మదు. సంస్థ రూట్ సర్టిఫికెట్‌ను కీటూల్‌తో, మేవెన్ నడిచే జేడీకేలోని సీఏసర్ట్స్ స్టోర్‌లోకి చేర్చాలి. స్టోర్ డీఫాల్ట్ పాస్‌వర్డ్ చేంజ్‌ఇట్. రెండు జేడీకేలుంటే రెండింటికీ విడివిడిగా చేర్చాలి. సర్టిఫికెట్ తనిఖీనే ఆపేసే ఫ్లాగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. మీ ప్రోడక్ట్‌లోకి వెళ్లే జార్లు ఆ దారిలోనే వస్తాయి.

పాత ప్రాజెక్టులను కొత్త మేవెన్‌తో తెరిస్తే "మేవెన్ డీఫాల్ట్ హెచ్‌టీటీపీ బ్లాకర్" అనే పేరు ఎదురవుతుంది. 3.8.1 నుంచి మేవెన్ సాదా హెచ్‌టీటీపీ రిపాజిటరీలను తనంతట తానే అడ్డుకుంటుంది. లైబ్రరీల ప్రధాన రిపాజిటరీ మేవెన్ సెంట్రల్ అయితే 2020 జనవరి 15 నుంచే హెచ్‌టీటీపీకి 501 జవాబు ఇస్తోంది. ఆ హెచ్‌టీటీపీ చిరునామా మీ పామ్‌లో ఉండకపోవచ్చు, మీరు వాడే ఏదో పాత లైబ్రరీ పామ్‌లో ఉండవచ్చు. సెట్టింగ్స్‌లో ఆ రిపాజిటరీ ఐడీకి హెచ్‌టీటీపీఎస్ మిర్రర్ పెడితే చాలు. జేసెంటర్ అనే పాత రిపాజిటరీ చిరునామా ఇంకా మిగిలి ఉంటే తీసేయండి, ఆ సేవ మూతబడింది.

జార్ కళ్లెదుట ఉన్నా "ప్రెజెంట్, బట్ అన్‌అవైలబుల్" అని మొరాయిస్తుంటే, వేరేవాళ్ల మెషీన్ నుంచి రిపాజిటరీ ఫోల్డర్ కాపీ చేసుకున్నారేమో చూసుకోండి. ఏ జార్ ఏ రిపాజిటరీ ఐడీ నుంచి వచ్చిందో మేవెన్ పక్కనే చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది. మీ సెట్టింగ్స్‌లో ఆ ఐడీ లేకపోతే ఆ జార్‌ను ఒప్పుకోదు.

సొంత మాడ్యూళ్లే ఒకదానికొకటి దొరకకపోతే

వెబ్ ఫోల్డర్‌లోకి వెళ్లి నేరుగా బిల్డ్ నడిపితే కామన్ దొరకలేదంటుంది. అది పక్క ఫోల్డర్‌లోనే ఉందని మనకు తెలుసు, మేవెన్‌కు తెలియదు. లోకల్ రిపాజిటరీలో ఉంటే తీసుకుంటుంది, లేకపోతే నెట్‌లో వెతుకుతుంది. ఎప్పుడూ మూల ఫోల్డర్ నుంచే నడపండి: ఎంవిఎన్ -పీఎల్ :వెబ్ -ఏఎం వెరిఫై. పీఎల్ ఏ మాడ్యూల్ కావాలో చెబుతుంది, ఏఎం దానికి ముందు కావాల్సిన మాడ్యూళ్లను కూడా కలుపుతుంది.

అంతకంటే ప్రమాదకరమైనది ఎర్రర్ రాకుండా జరిగే తప్పు. ఎప్పుడో నెల కిందట ఇన్‌స్టాల్ చేసిన కామన్ స్నాప్‌షాట్ (విడుదల కాని, మారుతుండే వెర్షన్) లోకల్ రిపాజిటరీలో ఉంటుంది. మీరు నేడు కామన్‌లో మెథడ్ మార్చి, వెబ్‌ను మాత్రమే నడిపితే పాత జార్‌తోనే కంపైలవుతుంది. మేవెన్ 3లో -ఆర్‌ఎఫ్ ఫ్లాగ్‌తో మధ్య నుంచి బిల్డ్ కొనసాగించినప్పుడు కూడా ఇదే గొడవ. ముందు పూర్తయిన మాడ్యూళ్లు రియాక్టర్‌లో ఉండవు కాబట్టి లోకల్ రిపాజిటరీలోని పాత కాపీలే అందుతాయి. "నేను మార్చిన కోడ్ పడటం లేదు" అనిపిస్తే, మీ సంస్థ గ్రూప్ ఐడీకి చెందిన ఫోల్డర్‌ను మాత్రం లోకల్ రిపాజిటరీలోంచి తీసేసి మూలం నుంచి నడిపి చూడండి. పాత కాపీ మీద ఎవరు ఆధారపడుతున్నారో వెంటనే బయటపడుతుంది.

"నాన్ రిజాల్వబుల్ పేరెంట్ పామ్" వస్తే పేరెంట్ పామ్ దారి చెప్పే రిలేటివ్‌పాత్ ట్యాగ్ చూడాలి. ఏమీ రాయకపోతే ఒక మెట్టు పైనున్న పామ్ ఫైలే పేరెంట్ అనుకుంటుంది. మాడ్యూల్ రెండు మెట్లు లోపల ఉంటే దారి రాయక తప్పదు. పేరెంట్ బయటిదైతే ఖాళీ రిలేటివ్‌పాత్ ట్యాగ్ పెట్టండి. "సైక్లిక్ రిఫరెన్స్" అంటే సర్వీస్‌కు కామన్ కావాలి, కామన్ టెస్టులకు సర్వీస్ కావాలి లాంటి ముడి. డిపెండెన్సీ స్కోప్ (కంపైల్‌కు కావాలా, టెస్టులకేనా అన్నది) మార్చినంత మాత్రాన ఇది తీరదు. రెండింటికీ కావాల్సిన భాగాన్ని మూడో మాడ్యూల్‌గా విడదీయాల్సిందే.

ప్లగిన్ల దగ్గర ఆగితే

వెర్షన్ రాయని ప్లగిన్ మేవెన్ వెర్షన్‌ను బట్టి మారిపోతుంది. మేవెన్ 3.8 వరకు డీఫాల్ట్ కంపైలర్ ప్లగిన్ 3.1, టెస్టులు నడిపే సర్‌ఫైర్ 2.12.4. రెండూ మాడ్యూల్ వ్యవస్థ పుట్టకముందువి. దీనివల్ల రెండు నష్టాలు, రెండోది చాలా పెద్దది.

ఒకటి, జేడీకే 17 మీద "సోర్స్ ఆప్షన్ 5 ఈజ్ నో లాంగర్ సపోర్టెడ్. యూజ్ 7 ఆర్ లేటర్" అని ఆగిపోతుంది. ప్రాపర్టీల్లో మేవెన్.కంపైలర్.రిలీజ్ 17 అని రాసినా మారదు. ఆ ప్రాపర్టీ 3.6 నుంచే ఉంది, 3.1కి అదేమిటో తెలియదు. కంపైలర్ ప్లగిన్ వెర్షన్ పెంచితేనే రిలీజ్ పనిచేస్తుంది.

రెండోది, జేయూనిట్ 5 (జావా టెస్ట్ లైబ్రరీ) టెస్టులు అసలు నడవవు. సర్‌ఫైర్ జేయూనిట్ ప్లాట్‌ఫామ్‌ను నేరుగా అర్థం చేసుకోవడం 2.22.0 నుంచి మొదలైంది. అంతకు ముందుది టెస్టులను గుర్తుపట్టదు, "టెస్ట్స్ రన్: 0" అని రాసి బిల్డ్ సక్సెస్ అంటుంది. పచ్చరంగు చూసి అందరూ నిశ్చింతగా ఉంటారు. ప్రతి మాడ్యూల్‌లో టెస్టుల సంఖ్యను ఒక్కసారైనా కళ్లతో చూడమని గట్టిగా చెబుతున్నాం.

కాబట్టి పేరెంట్ పామ్‌లోని ప్లగిన్ మేనేజ్‌మెంట్‌లో కంపైలర్, సర్‌ఫైర్, ఫెయిల్‌సేఫ్, జార్, రిసోర్సెస్, ఇన్‌స్టాల్, డిప్లాయ్ అన్నిటికీ వెర్షన్ రాయండి. వెర్షన్స్ ప్లగిన్‌లోని డిస్‌ప్లే-ప్లగిన్-అప్‌డేట్స్ గోల్ కొత్తవి ఏవో చూపిస్తుంది. ప్లగిన్ మేనేజ్‌మెంట్‌లో రాయడం అంటే నడపమని చెప్పడం కాదని గుర్తుంచుకోండి. జార్, కంపైలర్ లాంటివి లైఫ్‌సైకిల్‌లో ముందే ఉన్నాయి కాబట్టి నడుస్తాయి. జాకోకో (టెస్ట్ కవరేజ్ కొలిచేది), షేడ్ (అన్నిటినీ ఒకే జార్‌గా కలిపేది) లాంటివి బిల్డ్ కింద ప్లగిన్స్‌లో కూడా రాస్తేనే కదులుతాయి. "కాన్ఫిగర్ చేశాను, ఏమీ జరగలేదు" అన్నప్పుడు హెల్ప్ ప్లగిన్‌లోని ఎఫెక్టివ్-పామ్ గోల్ నడిపి, ఆ ప్లగిన్ ఎక్కడ తేలిందో చూడండి.

ఇక క్లాస్ ఫైల్ అంకెలు. మేజర్ వెర్షన్ నుంచి 44 తీసేస్తే జావా వెర్షన్ వస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. ఈ అంకెలతో వచ్చే మూడు ఎర్రర్లు ఒకేలా కనిపిస్తాయి గానీ మందులు వేరు.

"అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అంటే జావా మీద ఫిర్యాదు కాదు. బైట్‌కోడ్ చదివే పాత పనిముట్టు, ఎక్కువగా ఏఎస్ఎం లైబ్రరీ, జావా 21 క్లాసును చదవలేకపోతోంది. ఆ పనిముట్టును పెంచాలి. జాకోకో అయితే జావా 17కు 0.8.8, జావా 21కు 0.8.11 కనీసం ఉండాలి. జాకోకో ఈ ఎర్రర్ చూపించి కూడా బిల్డ్ ఆపకపోవచ్చు, కవరేజ్ మాత్రం మాయమవుతుంది. ప్లగిన్‌కు కొత్త వెర్షన్ లేకపోతే, ప్లగిన్ ట్యాగ్ లోపలే డిపెండెన్సీస్ అని పెట్టి అక్కడ కొత్త ఏఎస్ఎం రాయవచ్చు. ప్రాజెక్టు డిపెండెన్సీల్లో రాస్తే ప్లగిన్‌కు చేరదు.

"క్లాస్ ఫైల్ హ్యాజ్ రాంగ్ వెర్షన్ 61.0, షుడ్ బి 55.0" అంటే జావా 17 కోసం తయారైన లైబ్రరీని జేడీకే 11తో కంపైల్ చేస్తున్నారు. స్ప్రింగ్ బూట్ 3కు జావా 17 కనీసం అవసరం, కాబట్టి దాని జార్లతో ఇది తరచూ వస్తుంది. "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్" అనే మూడోది నడిపేటప్పటిది, నడిపే జేవీఎం పాతది.

సోర్స్, టార్గెట్ జంటకు బదులు రిలీజ్ వాడమని చెప్పడానికి కారణం ఉంది. జేడీకే 17 మీద సోర్స్ 8, టార్గెట్ 8 పెడితే క్లాస్ ఫైల్ 52గానే వస్తుంది, కానీ కంపైల్ అయ్యేది జావా 17 ఏపీఐతో. బైట్‌బఫర్‌లోని ఫ్లిప్ మెథడ్ జావా 9 నుంచి బైట్‌బఫర్‌నే తిరిగి ఇస్తుంది, అంతకు ముందు బఫర్ ఇచ్చేది. ఆ జార్‌ను జావా 8 మీద నడిపితే నోసచ్‌మెథడ్ఎర్రర్ వస్తుంది. రిలీజ్ 8 పెడితే కంపైలర్ జావా 8 ఏపీఐనే చూస్తుంది కాబట్టి ఆ బాధ లేదు.

కంపైల్ సమయంలో కోడ్ తయారుచేసే లాంబాక్, మ్యాప్‌స్ట్రక్ట్ లాంటి యానొటేషన్ ప్రాసెసర్ల గురించి వేరుగా చెప్పాలి. గెటర్ దొరకలేదు, "కెనాట్ ఫైండ్ సింబల్" అని వందల వరుసలు వస్తే కోడ్ తప్పు కాదు, ప్రాసెసర్ నడవలేదు. యానొటేషన్‌ప్రాసెసర్‌పాత్స్ ట్యాగ్ ఒక్కసారి పెట్టాక జావాసీ ప్రాసెసర్ల కోసం క్లాస్ పాత్ చూడదు. అందులో మ్యాప్‌స్ట్రక్ట్ మాత్రమే రాస్తే లాంబాక్ ఆగిపోతుంది. రెండూ రాయాలి, లాంబాక్ 1.18.16 నుంచి లాంబాక్-మ్యాప్‌స్ట్రక్ట్-బైండింగ్ కూడా చేర్చాలి. జేడీకే 21లో "జేసీఇంపోర్ట్ ... క్వాల్‌ఐడీ" అని నోసచ్‌ఫీల్డ్ఎర్రర్ వస్తే లాంబాక్‌ను 1.18.30కి పెంచండి. జేడీకే 23 నుంచి క్లాస్ పాత్‌లో ఉన్నంత మాత్రాన ప్రాసెసర్లు నడవవు, స్పష్టంగా చెప్పాలి. అందుకే ఇప్పుడే పాత్స్ ట్యాగ్‌లోకి మార్చుకోవడం మేలు.

వెర్షన్ల తగాదా

కంపైల్ అయిపోయి, నడిపేటప్పుడు నోసచ్‌మెథడ్ఎర్రర్ లేదా నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్ఎర్రర్ వస్తే అదే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లు ఎక్కడో ఢీకొన్నాయని అనుమానించండి. బాగా తెలిసిన ఉదాహరణ జేసన్ లైబ్రరీ జాక్సన్‌ది, అందులో కోర్, డేటాబైండ్ వేర్వేరు జార్లు. "స్ట్రీమ్‌రీడ్‌కన్‌స్ట్రెయింట్స్" క్లాసు లేదని ఎర్రర్ వస్తుంది. ఆ క్లాసు జాక్సన్ కోర్ 2.15లో వచ్చింది. అంటే డేటాబైండ్ 2.15 లేదా పైది, కోర్ మాత్రం పాతది.

ఎందుకిలా అయింది? మేవెన్ కొత్త వెర్షన్‌ను ఎంచుకోదు, దగ్గర ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. డిపెండెన్సీ చెట్టులో మీ ప్రాజెక్టుకు తక్కువ మెట్ల దూరంలో ఉన్నది గెలుస్తుంది. దూరం సమానమైతే పామ్‌లో ముందు రాసినది గెలుస్తుంది. వెబ్ పామ్‌లో ఎవరో కోర్ 2.10 నేరుగా రాశారనుకోండి. డేటాబైండ్ 2.15 అడుగుతున్నా, మొదటి మెట్టులోని 2.10దే పైచేయి. డిపెండెన్సీల వరుస మార్చగానే బిల్డ్ ప్రవర్తన మారడం వెనక ఉన్నది కూడా ఇదే నియమం.

తేల్చుకోవడానికి డిపెండెన్సీ ప్లగిన్‌లోని ట్రీ గోల్‌ను వెర్బోస్ ఆప్షన్‌తో నడపండి. ఇంక్లూడ్స్‌లో జాక్సన్ గ్రూప్ ఐడీ ఇస్తే చెట్టు చిన్నదవుతుంది. "ఒమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్ విత్" అన్న వరుసలే చూడాల్సినవి. ఓడిపోయిన వెర్షన్, గెలిచిన వెర్షన్ రెండూ అక్కడుంటాయి. వెర్బోస్ ఆప్షన్ ఈ ప్లగిన్ 3.0లో పోయి, 3.2.0లో తిరిగొచ్చింది. ఏమీ కనిపించకపోతే వెర్షన్ చూసుకోండి.

మందు విషయంలో మా మాట: ఎక్స్‌క్లూజన్ చివరి ఆయుధం. వెర్షన్ తగాదా తీరాలంటే పేరెంట్ పామ్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో ఒకేచోట వెర్షన్ ఖాయం చేయాలి. మాడ్యూల్ పామ్‌లో నేరుగా వేరే వెర్షన్ రాయనంతవరకు, చెట్టులో ఎంత లోతున ఉన్నా ఆ వెర్షనే వస్తుంది. జాక్సన్, జేయూనిట్, నెట్టీ లాంటి కుటుంబాలకైతే ఒక్కొక్కటిగా కాకుండా వాటి బామ్‌ను (కుటుంబం వెర్షన్లన్నీ ఒకేచోట రాసిన పామ్‌ను) ఇంపోర్ట్ స్కోప్‌తో తెచ్చుకోండి. టైప్ పామ్ అని రాయడం మరవద్దు. రెండు బామ్‌లు ఒకే లైబ్రరీకి వెర్షన్ చెబితే ముందు రాసినదే చెల్లుతుంది. స్ప్రింగ్ బూట్ వాడేవారికి ఒక హెచ్చరిక. స్ప్రింగ్ బూట్ పేరెంట్‌ను వాడితే జాక్సన్-బామ్.వెర్షన్ ప్రాపర్టీ మార్చి వెర్షన్ మార్చవచ్చు. బామ్‌గా ఇంపోర్ట్ చేసుకుంటే ఆ ప్రాపర్టీకి విలువ లేదు, జాక్సన్ బామ్‌ను దానికంటే ముందు వరుసలో రాయాలి.

కోఆర్డినేట్లు (జార్ గ్రూప్ ఐడీ, పేరు) వేరై, క్లాసులు ఒకటే అయిన సందర్భాల్లో మేవెన్‌కు తగాదా ఉన్నట్టే తెలియదు. కామన్స్-లాగింగ్, జేసీఎల్-ఓవర్-ఎస్ఎల్ఎఫ్4జే రెండూ ఒకే ప్యాకేజీని మోస్తాయి. ఇక్కడ మాత్రం ఎక్స్‌క్లూజనే సరైన మందు. నడిచే అప్లికేషన్‌లో ఏ జార్ నుంచి క్లాసు వచ్చిందో తెలియాలంటే జేవీఎంకు -వెర్బోస్:క్లాస్ ఇవ్వండి, క్లాసు పేరు పక్కనే జార్ దారి ఉంటుంది.

మాడ్యూల్-ఇన్ఫో చేరాక

సోర్స్ ఫోల్డర్‌లో మాడ్యూల్-ఇన్ఫో ఫైల్ (జావా మాడ్యూల్ పేరు, దానికి కావాల్సినవి రాసేది) ఉందంటే కంపైలర్ ప్లగిన్ జార్లను రెండుగా విడదీస్తుంది. రిక్వైర్స్‌లో రాసినవి, వాటికి కావాల్సినవి మాడ్యూల్ పాత్‌లోకి, మిగిలినవి క్లాస్ పాత్‌లోకి పోతాయి. పామ్‌లో రాసిన జార్ క్లాస్ పాత్‌లో పడి ఉన్నా పేరున్న మాడ్యూల్‌కు కనిపించదు. అందుకే పామ్‌లో ఉన్నా "ప్యాకేజీ ఈజ్ నాట్ విజిబుల్" అంటుంది.

ఆ ఎర్రర్ తోకలో రహస్యం ఉంది. "డజ్ నాట్ రీడ్ ఇట్" అంటే మీ మాడ్యూల్-ఇన్ఫోలో రిక్వైర్స్ లేదు. "డజ్ నాట్ ఎక్స్‌పోర్ట్ ఇట్" అంటే అవతలి మాడ్యూల్ ఆ ప్యాకేజీని బయటపెట్టలేదు. అది మీ సొంత మాడ్యూల్ అయితే ఎక్స్‌పోర్ట్స్ చేర్చండి, లైబ్రరీది అయితే వారి అంతర్గత క్లాసును వాడుతున్నారు, వదిలేయండి. "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అంటే రిక్వైర్స్‌లో ఉంది, పామ్‌లో లేదు, లేదా పేరు తప్పు. అసలు పేరు తెలుసుకోవడానికి జార్ కమాండ్‌కు --డిస్క్రైబ్-మాడ్యూల్ ఆప్షన్ ఇచ్చి, ఫైల్ చూపించండి.

మాడ్యూల్-ఇన్ఫో లేని జార్‌కు పేరు ఎలా వస్తుంది? జార్ లోపలి వివరాల ఫైలైన మ్యానిఫెస్ట్‌లో ఆటోమేటిక్-మాడ్యూల్-నేమ్ ఉంటే అది. లేకపోతే ఫైల్ పేరు నుంచి వెర్షన్ తీసేసి, హైఫన్, అండర్‌స్కోర్ లాంటి గుర్తులను చుక్కలుగా మార్చి తయారవుతుంది. కాఫ్కా_2.12 లాంటి పేర్లు ఇక్కడ తప్పుతాయి. చుక్క తర్వాత అంకె జావా పేరుకు చెల్లదు కాబట్టి ఆ జార్ మాడ్యూల్ కాలేదు. ఫైల్ పేరు మీద ఆధారపడితే మేవెన్ కూడా హెచ్చరిస్తుంది. ఆ మాడ్యూల్‌ను బయటికి పబ్లిష్ చేయవద్దంటుంది, ఆ మాట వినండి.

ఇంకొకటి, ఇది గంటలకు గంటలు తినేస్తుంది. ఎంవిఎన్ ప్యాకేజ్ నడుస్తుంది, ఎంవిఎన్ కంపైల్ మాత్రం "మాడ్యూల్ నాట్ ఫౌండ్: కామన్" అంటుంది. కంపైల్ దశలో కామన్‌కు ఇంకా జార్ లేదు, టార్గెట్ కింద క్లాసెస్ ఫోల్డరే అందుతుంది. జార్ ఆటోమేటిక్ మాడ్యూల్ కాగలదు, ఫోల్డర్ కాలేదు. కామన్‌కు కూడా మాడ్యూల్-ఇన్ఫో రాస్తే రెండు దశల్లోనూ నడుస్తుంది. అందుకే మాడ్యూల్-ఇన్ఫోలు రాయడం ఎప్పుడూ అడుగున ఉన్న మాడ్యూల్ నుంచి, అంటే కామన్ నుంచే మొదలుపెట్టాలి.

"రీడ్స్ ప్యాకేజీ ... ఫ్రమ్ బోత్" అంటే ఒకే ప్యాకేజీ రెండు మాడ్యూళ్లలో ఉంది. క్లాస్ పాత్ దీన్ని సహిస్తుంది, మాడ్యూల్ పాత్ సహించదు. జేఎస్ఆర్305 జార్‌లోనూ, జావాఎక్స్ యానొటేషన్ ఏపీఐ జార్‌లోనూ జావాఎక్స్.యానొటేషన్ ప్యాకేజీ ఉంది. చాలాసార్లు మొదటిది ఎవరో పాత లైబ్రరీ వెంట వచ్చినదే, ఎక్స్‌క్లూడ్ చేయండి. సొంత మాడ్యూళ్లలోనే ఇలా ఉంటే ప్యాకేజీ పేరు మార్చడం తప్ప అడ్డదారి లేదు.

పాత కోడ్‌లో జావాఎక్స్.ఎక్స్ఎంఎల్.బైండ్ లేదని వస్తే, ఆ ప్యాకేజీ ఉన్న ఎక్స్ఎంఎల్ లైబ్రరీ జాక్స్‌బీ జావా 11లో జేడీకే నుంచి తొలగిపోయింది. ఏపీఐ, రన్‌టైం జార్లు రెండూ పామ్‌లో చేర్చాలి. జావాఎక్స్ నుంచి జకార్తా పేర్లకు మారిన వెర్షన్ తీసుకుంటే ఇంపోర్టులు కూడా మార్చాలి. సగం జావాఎక్స్, సగం జకార్తా ఒకే అప్లికేషన్‌లో పెట్టుకోవద్దు.

టెస్టులు, రన్‌టైం

"డజ్ నాట్ ఓపెన్స్ జావా.ల్యాంగ్ టు అన్‌నేమ్డ్ మాడ్యూల్" అనే ఇన్‌యాక్సెసిబుల్‌ఆబ్జెక్ట్ఎక్సెప్షన్ జేడీకే 16 నుంచి పెరిగింది. జేడీకే అంతర్గత క్లాసుల్లోకి రిఫ్లెక్షన్‌తో (నడిచేటప్పుడు క్లాసు లోపలి భాగాలను తాకే పద్ధతితో) దూరడం అప్పటి నుంచి డీఫాల్ట్‌గా నిషిద్ధం. జేడీకే 17లో ఆ తలుపు తెరిచే పాత ఆప్షన్ కూడా పనిచేయదు. ముందు ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ చూడండి. లేకపోతే సర్‌ఫైర్ ఆర్గ్‌లైన్‌లో (టెస్టులు నడిపే జేవీఎం ఆప్షన్లు రాసేచోట) --యాడ్-ఓపెన్స్ ఇవ్వండి, అదే ఆప్షన్ ప్రొడక్షన్ స్టార్టప్‌లోనూ ఉండాలి. మీ సొంత ప్యాకేజీ అయితే, జాక్సన్, హైబర్నేట్ లాంటివాటి కోసం మాడ్యూల్-ఇన్ఫోలో ఓపెన్స్ రాయండి.

ఆర్గ్‌లైన్‌లో ఒక ఉచ్చు ఉంది. జాకోకో తన ఏజెంట్‌ను ఆర్గ్‌లైన్ అనే ప్రాపర్టీలోనే పెడుతుంది. మీరు సర్‌ఫైర్‌లో ఆర్గ్‌లైన్ రాయగానే జాకోకోది కొట్టుకుపోయి కవరేజ్ సున్నా అవుతుంది. మీ విలువ ముందు యాట్ గుర్తుతో, మీసాల బ్రాకెట్లలో ఆర్గ్‌లైన్ పేరు పెడితే రెండూ కలుస్తాయి. జాకోకో ప్రొఫైల్ ఆపి నడిపినప్పుడు "కుడ్ నాట్ ఫైండ్ ఆర్ లోడ్ మెయిన్ క్లాస్" అని రాకుండా, ప్రాపర్టీస్‌లో ఖాళీ ఆర్గ్‌లైన్ ఒకటి పెట్టుకోండి.

సర్‌ఫైర్‌లో యూజ్‌మాడ్యూల్‌పాత్‌ను ఫాల్స్ చేస్తే చాలా టెస్ట్ ఎర్రర్లు మాయమవుతాయి, ఎందుకంటే టెస్టులు క్లాస్ పాత్ మీదే నడుస్తాయి. తప్పు మాడ్యూల్ డిక్లరేషన్‌లోనా, టెస్ట్‌లోనా అని తేల్చుకోవడానికి వాడుకోండి. అలాగే వదిలేస్తే మర్చిపోయిన ఓపెన్స్ ప్రొడక్షన్‌లో బయటపడుతుంది.

షేడ్ ప్లగిన్‌తో ఒకే జార్ చేసేవారికి రెండు మాటలు. "ఇన్‌వాలిడ్ సిగ్నేచర్ ఫైల్ డైజెస్ట్" వస్తే మెటా-ఇన్ఫ్ లోని ఎస్ఎఫ్, డీఎస్ఏ, ఆర్ఎస్ఏ ఫైళ్లను ఫిల్టర్‌లో తీసేయండి. డ్రైవర్లో, ప్రొవైడర్లో దొరకకపోతే సర్వీసెస్ రిసోర్స్ ట్రాన్స్‌ఫార్మర్ చేర్చండి.

గ్రేడిల్‌లో తేడాలు

గ్రేడిల్ దగ్గరిదాన్ని కాదు, అడిగినవాటిలో అత్యధిక వెర్షన్‌ను ఎంచుకుంటుంది. ట్రీకి బదులు డిపెండెన్సీఇన్‌సైట్ టాస్క్ వాడండి, ఎందుకు గెలిచిందో కారణంతో సహా చెబుతుంది. "కుడ్ నాట్ ఫైండ్ మెథడ్ కంపైల్" అంటే గ్రేడిల్ 7లో తీసేసిన పాత పేరు, ఇంప్లిమెంటేషన్ లేదా ఏపీఐ వాడాలి. పబ్లిక్ మెథడ్ సిగ్నేచర్‌లో కనిపించే రకానికి ఏపీఐ, లోపల వాడుకునేదానికి ఇంప్లిమెంటేషన్. జావా 17 మీద నడవడానికి గ్రేడిల్ 7.3, జావా 21కు 8.5 కనీసం కావాలి. స్ప్రింగ్ బూట్ 3 ప్లగిన్ దగ్గర "నో మ్యాచింగ్ వేరియంట్" అంటే ప్లగిన్ తప్పు కాదు, గ్రేడిల్‌ను నడిపే జేవీఎం 17 కంటే తక్కువ.

మాడ్యూల్ పాత్ విషయంలో మేవెన్‌కూ దీనికీ ముఖ్యమైన తేడా ఉంది. మాడ్యూల్-ఇన్ఫో గానీ ఆటోమేటిక్-మాడ్యూల్-నేమ్ గానీ లేని జార్‌ను గ్రేడిల్ మాడ్యూల్ పాత్‌లో పెట్టదు. మేవెన్‌లో హెచ్చరికతో సరిపోయిన ప్రాజెక్టు గ్రేడిల్‌కు మార్చగానే "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అనడానికి ఇదే కారణం. ఎక్స్‌ట్రా జావా మాడ్యూల్ ఇన్ఫో అనే ప్లగిన్ అలాంటి జార్లకు పేరు తగిలిస్తుంది.

కాపలా పెట్టడం

బిల్డ్ నియమాలు తనిఖీ చేసే ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌ను పేరెంట్ పామ్‌లో వ్యాలిడేట్ దశకు కట్టండి. మొదట రిక్వైర్‌జావావెర్షన్, రిక్వైర్‌మేవెన్‌వెర్షన్, రిక్వైర్‌ప్లగిన్‌వెర్షన్స్ నియమాలు చాలు. తర్వాత రిక్వైర్‌అప్పర్‌బౌండ్‌డెప్స్ చేర్చండి. ఎవరైనా అడిగిన వెర్షన్ కంటే తక్కువది గెలిస్తే ఇది పట్టేస్తుంది, పైన చెప్పిన జాక్సన్ తగాదా మొదటి నిమిషంలోనే దొరికేది. డిపెండెన్సీ కన్వర్జెన్స్ నియమం (ఒక లైబ్రరీకి అందరూ ఒకే వెర్షన్ అడగాలనేది) ఇంకా కఠినమైనది, పాత ప్రాజెక్టులో పెడితే వందల ఫిర్యాదులు వస్తాయి. దాన్ని వేరే ఎగ్జిక్యూషన్‌లో ఫెయిల్ ఫాల్స్ చేసి పెట్టండి. ఒక్కో లైబ్రరీ కుటుంబాన్ని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లోకి తెచ్చుకుంటూ, ఫిర్యాదులు సున్నాకు చేరిన రోజున ఫాల్స్‌ను ట్రూగా మార్చండి.